స్ఫటికం నుంచి క్యూబిట్ దాకా: స్టీవెన్ గిర్విన్ నడిచిన దారి

(కనెక్టికట్‌లోని తెలుగు కుటుంబాల కోసం నడిచే రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 మే నెలలో మనవైపు నుంచి ఒక వార్త వచ్చింది. అమరావతిలో క్వాంటం వ్యాలీ పేరుతో ఒక టెక్ పార్కు కడతామనీ, అందులో ఐబీఎం వారి క్వాంటం కంప్యూటర్ పెడతామనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ కలిసి ప్రకటించాయి. ఆ యంత్రంలో 156 క్యూబిట్లున్న హెరాన్ అనే చిప్పు ఉంటుందన్నారు. ఆ వారమంతా మన ఫోన్లలో ఆ వార్తే తిరిగింది. ఎన్ని ఉద్యోగాలొస్తాయి, భూముల ధరలు ఎంత పెరుగుతాయి అని కూడా మాట్లాడుకున్నాం. అయితే ఆ చిప్పులో కూర్చునే క్యూబిట్ ఎక్కడ పుట్టింది, దాన్ని ఎవరు ఆలోచించారు అన్న మాట మాత్రం నాకెక్కడా వినపడలేదు.

ఆ క్యూబిట్‌ని ట్రాన్స్‌మాన్ అంటారు. దాని సిద్ధాంతం 2007లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అంటే మనలో చాలామంది రోజూ 95వ నంబరు హైవే మీద దాటిపోయే న్యూహేవెన్ ఊరి నుంచి! ఆ పేపరు మీద పది మంది పేర్లున్నాయి. వాళ్లలో ఒకరైన స్టీవెన్ గిర్విన్ గురించి ఈరోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే ఆయన అంతకుముందు పాతికేళ్లకు పైగా కంప్యూటర్లతో ఏమాత్రం సంబంధం లేని పని చేశారు. చూసేవాళ్లకి అది ఎందుకూ పనికిరాని పనిలా కూడా కనిపించి ఉంటుంది.

ముందుగా ఒక మాట. గిర్విన్ గారితో నాకు పరిచయం లేదు. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఈ దేశం వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. ఆయన పేపర్లూ, కున్ యాంగ్‌తో కలిసి ఆయన రాయగా 2019లో కేంబ్రిడ్జి వాళ్లు అచ్చువేసిన పాఠ్యపుస్తకమూ చదివిన ఒక విద్యార్థిగానే మాట్లాడుతున్నాను.

గిర్విన్ 1950లో టెక్సస్‌లో పుట్టారు. చదువుకున్నది మాత్రం న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన, అడిరాండాక్ కొండల్లో బ్రాంట్ లేక్ అనే చిన్న పల్లెటూళ్లో. ఆయన హైస్కూల్ ముగించిన ఏడు ఆ తరగతిలో ఉన్నది మొత్తం ఐదుగురు పిల్లలు. మనవాళ్లు పిల్లల కోసం ఇల్లు కొనేముందు స్కూలుకి పదికి ఎన్ని మార్కులున్నాయో చూస్తారు కదా, ఆ స్కూలుకి ఎన్ని మార్కులు వేసేవారో మీరే ఊహించుకోండి. అక్కడి నుంచి మెయిన్ రాష్ట్రంలో బేట్స్ అనే చిన్న కాలేజీలో 1971లో బీఎస్, ఆ తర్వాత యూనివర్సిటీ ఆఫ్ మెయిన్‌లో ఒక మాస్టర్స్. అప్పుడు ప్రిన్స్‌టన్‌కి వెళ్లి, జాన్ హాప్‌ఫీల్డ్ దగ్గర 1977లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఈ హాప్‌ఫీల్డ్ గారి పేరు మీరు ఈమధ్య వినే ఉంటారు. కృత్రిమ మేధకు పునాది వేసిన పనికి 2024లో జెఫ్రీ హింటన్‌తో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయన కూడా ఘనపదార్థాల మీద పని మొదలుపెట్టి జీవశాస్త్రం వైపు, మెదడు వైపు వెళ్లిన మనిషే. గోడలు దాటడం శిష్యుడు గురువు దగ్గరే చూశాడన్నమాట.

గిర్విన్ రంగాన్ని ఇంగ్లీషులో కండెన్స్‌డ్ మేటర్ ఫిజిక్స్ అంటారు. మేం చదువుకునే రోజుల్లో సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ అనేవాళ్లం. ఒక ఎలక్ట్రాన్ ఎలా ప్రవర్తిస్తుందో మనకి బాగానే తెలుసు. కానీ చిటికెడు రాగిలో కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నప్పుడు ఏం జరుగుతుంది? ఒక మనిషి నడక తెలిసినంత మాత్రాన తిరునాళ్లలో జనం ఎటు కదులుతారో చెప్పలేం. గుంపుకి దాని పోకడ దానికుంటుంది. ఆ పోకడ ఏమిటో తేల్చడమే ఈ శాస్త్రం పని.

ఆయన అమెరికా ప్రభుత్వపు తూనికలు, కొలతల ప్రయోగశాల అయిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో చేరిన కొద్దికాలానికే ఈ రంగంలో పెద్ద కలకలం పుట్టింది. 1980లో జర్మనీకి చెందిన క్లాస్ ఫాన్ క్లిట్‌జింగ్ ఒక ప్రయోగం చేశారు. చాలా పల్చని పొరలో ఎలక్ట్రాన్లను బంధించి, బాగా చల్లబరిచి, బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టారు. అప్పుడు కొలిచిన హాల్ నిరోధం ఇష్టమొచ్చినట్టు మారకుండా మెట్లు మెట్లుగా నిలబడింది. మొదటి మెట్టు 25,812.8 ఓములు. రెండోది అందులో సగం, మూడోది మూడో వంతు. పదార్థంలో మలినాలున్నా, ముక్క ఆకారం మారినా ఆ అంకె మారదు. 1990 నుంచి ప్రపంచమంతా నిరోధాన్ని కొలవడానికి దీన్నే ప్రమాణంగా పెట్టుకుంది. అయితే 1982లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు చూసింది ఇంకా వింతగా ఉంది. 1, 2, 3 అనే పూర్ణాంకాల దగ్గరే కాక 1/3 అనే భిన్నం దగ్గర కూడా ఒక మెట్టు కనిపించింది. ఎలక్ట్రాన్‌ని మూడు ముక్కలు చేయలేం కదా, మరి ఈ మూడో వంతు ఎక్కడిది? ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒక కొత్త రకం ద్రవంలా మారాయని 1983లో రాబర్ట్ లాఫ్లిన్ చెప్పారు. ఆయనకూ, ఆ ప్రయోగం చేసిన స్టార్మర్, త్సుయిలకూ 1998లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ గిర్విన్ పట్టుకున్న ప్రశ్న ఒకటి ఉంది. ఆ ద్రవాన్ని కదిలిస్తే ఏమవుతుంది? చెరువులో రాయి వేస్తే అలలు పుడతాయి. ఎంత చిన్న రాయి వేసినా ఎంతో కొంత అల లేస్తుంది. కానీ ఈ ఎలక్ట్రాన్ల ద్రవాన్ని కదిలించాలంటే కనీసం ఇంత శక్తి కావాలి, అంతకు తక్కువైతే అది అస్సలు చలించదు. గిర్విన్, అలన్ మెక్‌డొనాల్డ్, ఫిల్ ప్లాట్జ్‌మన్ ముగ్గురూ 1985, 86 సంవత్సరాల్లో ఆ కనీస శక్తిని లెక్క కట్టి చూపించారు. అందుకు వాళ్లు వాడుకున్న దారి, ద్రవ హీలియం ఎందుకు అలా ప్రవహిస్తుందో చెప్పడానికి ఫైన్‌మన్ 1950లలో వేసినది. హీలియం వేరు, ఎలక్ట్రాన్లు వేరు. అయినా ఒకచోట పనికొచ్చిన ఆలోచనని పూర్తిగా వేరే చోటికి తీసుకెళ్లి, అక్కడికి సరిపోయేలా మలిచారు. ఇది గుర్తుంచుకోండి. ఆయన జీవితంలో ఇదే పద్ధతి మళ్లీ కనిపిస్తుంది.

1987లో ఆయన ఇండియానా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరారు. ఇంకో పద్నాలుగేళ్లు అదే రంగం. మంచి పేరొచ్చింది. అక్కడే ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 2001లో, 51 ఏళ్ల వయసులో, ఆయన యేల్‌కి వచ్చారు. అక్కడ రాబర్ట్ షెల్కాఫ్ అనే ప్రయోగశాస్త్రవేత్త ఉన్నారు. మరుసటి ఏడు ఫ్రాన్స్ నుంచి మిషెల్ డెవొరే వచ్చి చేరారు. విద్యుత్ సర్క్యూట్‌లో క్వాంటం ప్రవర్తన కనిపిస్తుందని 1980ల నడుమ బర్క్‌లీలో జాన్ క్లార్క్, జాన్ మార్టినిస్‌లతో కలిసి చేసిన ప్రయోగాలకి 2025లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఈ డెవొరే ఒకరు. అలా ఇద్దరు ప్రయోగశాస్త్రవేత్తల పక్కన ఒక సిద్ధాంతకర్త వచ్చి కూర్చున్నారు.

సరే, వాళ్ల ముందున్న చిక్కు ఏమిటి? మన మామూలు కంప్యూటర్‌లో బిట్ అంటే సున్నా లేదా ఒకటి. క్యూబిట్ అంటే ఆ రెండు స్థితులూ ఒక పాళ్లలో కలిసి ఉండగలిగినది. ప్రకృతిలో అణువుకో పరమాణువుకో ఈ గుణం సహజంగా ఉంది. దాన్నే మనం తయారుచేసుకున్న సర్క్యూట్‌లో తెప్పించాలంటే అల్యూమినియం లాంటి లోహాన్ని బాగా చల్లబరచాలి. అప్పుడది అతివాహకం, అంటే సూపర్‌కండక్టర్, అవుతుంది. అందులో ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా తిరుగుతాయి. రెండు అల్యూమినియం ముక్కల మధ్య అతి పల్చని ఆక్సైడ్ పొర పెడితే ఆ జంటలు పొరని దాటి అటూ ఇటూ పోగలవు. దీన్ని జోసెఫ్‌సన్ సంధి అంటారు. ఒక చిన్న ముక్కలో ఒక జంట ఎక్కువ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇదీ మొదటి ఆలోచన. 1999లో జపాన్‌లో ఎన్ఈసీ సంస్థలో నకమురా, పాష్కిన్, త్సాయి దీన్ని చేసి చూపించారు. ప్రపంచం అబ్బురపడింది. కానీ ఆ క్వాంటం స్థితి నిలబడింది కొన్ని నానోసెకన్లు మాత్రమే. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు.

ఎందుకంత తొందరగా చెడిపోతోంది? చుట్టుపక్కల పదార్థంలో ఎక్కడో ఒక ఎలక్ట్రాన్ ఇటునుంచి అటు జరుగుతుంది. అంతే! ఈ చిన్న ముక్క దాన్ని పసిగట్టేస్తుంది. సందులో ఎవరో చెప్పులు విప్పిన చప్పుడుకే లేచి ఏడ్చే చంటిబిడ్డ లాంటిదన్నమాట. మరి ఏం చేయాలి? లోకంలో ఉన్న చప్పుళ్లన్నీ ఆపడం ఒక దారి. పదార్థాన్ని ఇంకా శుభ్రం చేయడం, ఇంకా జాగ్రత్తగా కప్పిపెట్టడం. చాలామంది అదే చేస్తూ వచ్చారు. అసలు చప్పుడే వినపడని బిడ్డని తయారుచేయడం ఇంకో దారి.

యేల్ వాళ్లు రెండు మెట్లలో వెళ్లారు. మొదటి మెట్టు 2004లో. అలెగ్జాండర్ బ్లే, ఆండ్రియాస్ వాల్‌రాఫ్, గిర్విన్, షెల్కాఫ్ తదితరులు క్యూబిట్‌ని ఒక మైక్రోవేవ్ పెట్టె లాంటి సర్క్యూట్‌లో కూర్చోబెట్టారు. క్యూబిట్ సున్నాలో ఉందో ఒకటిలో ఉందో దాన్ని బట్టి ఆ పెట్టె మోగే శ్రుతి కాస్త మారుతుంది. క్యూబిట్‌ని నేరుగా తాకకుండా, పెట్టె శ్రుతి విని లోపల ఏముందో చెప్పొచ్చు. అంతకుముందు పరమాణువులతో, అద్దాలతో చేసేవారు ఈ పని. అది ఇప్పుడు చిప్పు మీదికి వచ్చింది. దీన్ని సర్క్యూట్ క్యూఈడీ అంటారు.

రెండో మెట్టు ట్రాన్స్‌మాన్. ఇక్కడే మా ఎమ్మెస్సీ పాఠం వస్తుంది, కాస్త ఓపికపట్టండి.

సాలిడ్ స్టేట్ చదివిన ప్రతి విద్యార్థీ స్ఫటికంలో ఎలక్ట్రాన్ ఎలా తిరుగుతుందో నేర్చుకుంటాడు. మా రోజుల్లో కిట్టెల్ పుస్తకంలో చదివేవాళ్లం. స్ఫటికంలో పరమాణువులు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటీ ఎలక్ట్రాన్‌కి ఒక గుంట. దీన్ని మన గోదావరి జిల్లాల వరిచేలతో పోల్చుకోండి. మళ్ల మధ్య గట్లు తక్కువగా ఉంటే నీళ్లు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పారుతూనే ఉంటాయి. ఒక చివర ఏం జరిగినా ఇంకో చివర తెలుస్తుంది. గట్టు ఎత్తు చేసేకొద్దీ ఏ మడి నీళ్లు ఆ మడిలోనే నిలబడతాయి. క్వాంటం ప్రపంచంలో గట్టు ఎంత ఎత్తున్నా కాస్త ఊట ఉంటుంది. కానీ గట్టు పెంచేకొద్దీ ఆ ఊట మామూలుగా కాదు, ఎక్స్‌పొనెన్షియల్‌గా, అంటే పదింతలు, మళ్లీ పదింతలు చొప్పున తగ్గిపోతుంది.

ఆ చిన్న అతివాహక ముక్కకి రాసే సమీకరణం, స్ఫటికంలో ఎలక్ట్రాన్‌కి రాసే సమీకరణం అచ్చంగా ఒకటే. బయటి నుంచి క్యూబిట్‌ని వేధించే విద్యుదావేశం ఈ సమీకరణంలో ఏ స్థానంలో వస్తుందో తెలుసా? స్ఫటికంలో ఎలక్ట్రాన్ ద్రవ్యవేగానికి ఉండే స్థానంలో. కాబట్టి గట్లు పెంచి ఊటని ఆపేస్తే ఆ ఆవేశం ఎంతున్నా క్యూబిట్‌కి తెలియదు. మరి గట్టు పెంచడమంటే ఇక్కడ ఏం చేయాలి? క్యూబిట్ పక్కన ఒక పెద్ద కెపాసిటర్ కలపాలి. అంతే.

"అంత తేలికైతే ముందే ఎవరో చేసి ఉండేవారు కదా" అని మీకు అనిపించవచ్చు. దానికి ఒక ఖరీదుంది. క్యూబిట్‌కి సున్నా, ఒకటి అనే రెండు మెట్లే కావాలి. కానీ ఏ సర్క్యూట్‌కైనా నిచ్చెనలాగా చాలా మెట్లుంటాయి. మెట్ల మధ్య దూరాలు సమానంగా ఉంటే, సున్నా నుంచి ఒకటికి ఎక్కించబోయినప్పుడు అది రెండుకీ మూడుకీ కూడా ఎక్కేస్తుంది. అప్పుడది క్యూబిట్ కాదు. మెట్లు ఎగుడుదిగుడుగా ఉండాలి. కెపాసిటర్ పెంచేకొద్దీ మెట్లు సమానమైపోతుంటాయి. అందుకే అది చేటు అని అనుకోవడం సహజం.

యెన్స్ కాఖ్, గిర్విన్, వాళ్ల సహచరులు లెక్కలు వేసి చూపించింది ఇదే: లాభం ఒక వేగంతో వస్తుంది, నష్టం ఇంకో వేగంతో వస్తుంది. జోసెఫ్‌సన్ శక్తికీ ఆవేశ శక్తికీ ఉన్న నిష్పత్తిని 50 దాకా పెంచారనుకోండి. దాన్ని ఎనిమిదితో గుణిస్తే 400. వర్గమూలం 20. మిగిలిన గుణకాలు పక్కన పెడితే, మెట్ల ఎగుడుదిగుడు 20లో ఒక వంతుకి తగ్గుతుంది. అది భరించగలిగిందే. అదే సమయంలో ఆవేశపు గొడవ తగ్గేది 'ఈ' అనే సంఖ్య యొక్క 20వ ఘాతంతో. అంటే సుమారు 48 కోట్లలో ఒక వంతుకి! ఇరవై వంతులు చెల్లించి నలభై ఎనిమిది కోట్ల వంతులు కొనుక్కోవడం. ఇంత మంచి బేరం మన కోఠీ బజారులో కూడా దొరకదు.

ఆ పేపరు 2007లో వచ్చింది. అదే ఏడు అమెరికన్ ఫిజికల్ సొసైటీ వారి ఆలివర్ బక్లీ బహుమతి గిర్విన్‌కి వచ్చింది. దేనికనుకున్నారు? పాత పనికి. అలన్ మెక్‌డొనాల్డ్, జేమ్స్ ఐజెన్‌స్టీన్‌లతో కలిపి, ఎలక్ట్రాన్ల గుంపు పోకడలపై చేసిన పరిశోధనకి. పాత చెట్టు కాపూ కొత్త మొక్క మొలకా ఒకే ఏడాదిలో కనిపించాయన్నమాట. నాకు ఆ రెండూ ఒకే చెట్టు అనిపిస్తుంది. హీలియంకి వేసిన దారిని ఎలక్ట్రాన్లకి మలిచినవారే, స్ఫటికాల దారిని సర్క్యూట్‌కి మలిచినవారిలో ఒకరు. ఆయన రంగం మారలేదు. రంగం సరిహద్దు జరిగింది.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్తాను. 2009లో యేల్ బృందం రెండు ట్రాన్స్‌మాన్లతో చిన్న క్వాంటం లెక్కలు చేసి చూపించింది. క్యూబిట్ నిలబడే కాలం నానోసెకన్ల నుంచి మైక్రోసెకన్లకి, పదుల మైక్రోసెకన్లకి పెరిగింది. 2025లో ప్రిన్స్‌టన్ వాళ్లు టాంటలం అనే లోహంతో చేసిన ట్రాన్స్‌మాన్ ఒక మిల్లీసెకనుకు పైగా నిలిచింది. ఆ బృందం నాయకుల్లో ఒకరైన ఆండ్రూ హౌక్, 2007 పేపరు మీద పేరున్న ఆ పది మందిలో ఒకరే. ఇంకొకరు జే గాంబెట్టా. ఆయన 2011లో ఐబీఎంలో చేరి వాళ్ల క్వాంటం విభాగాన్ని నడిపించారు. గూగుల్ 2019లో ప్రకటించిన 53 క్యూబిట్ల సికమోర్, 2024 డిసెంబరులో ప్రకటించిన 105 క్యూబిట్ల విల్లో, ఐబీఎం హెరాన్ — అన్నిట్లోనూ ఉన్నది ట్రాన్స్‌మాన్లే. గిర్విన్ పదేళ్లు యేల్‌లో పరిశోధన వ్యవహారాలు చూసే డిప్యూటీ ప్రొవోస్టుగా ఉన్నారు. 2020లో బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల ఆధ్వర్యంలో ఐదేళ్లకి 11.5 కోట్ల డాలర్లతో మొదలైన క్వాంటం కేంద్రానికి మొదటి డైరెక్టరు కూడా ఆయనే. అప్పటికి ఆయన వయసు 70.

ఇంత చెప్పి, క్వాంటం కంప్యూటర్లు రేపో మాపో మన ల్యాప్‌టాపుల స్థానంలోకి వచ్చేస్తాయని అంటే అది అబద్ధం. ఈ చిప్పుల్ని అంతరిక్షం కంటే చల్లగా, సున్నా కెల్విన్‌కి ఒక డిగ్రీలో యాభయ్యో వంతు పైన ఉంచాలి. అయినా మంచి యంత్రాల్లో కూడా రెండు క్యూబిట్లతో చేసే పని కొన్ని వందల సార్లకో, వెయ్యి సార్లకో ఒకసారి తప్పుతుంది. తప్పులు దిద్దుకునే పద్ధతులు కావాలి. యేల్ వాళ్లు ఆ దిశలో 2016లో ఒక అడుగు వేశారు. 2023లో దిద్దుబాటు చేసిన క్యూబిట్, చేయనిదానికంటే రెండింతలకు పైగా ఎక్కువ కాలం నిలిచేలా చేసి చూపించారు. ఆ రెండు పేపర్ల మీదా గిర్విన్ పేరుంది. ట్రాన్స్‌మాన్ కాకుండా అయాన్లతో, పరమాణువులతో పోటీపడుతున్న యంత్రాలూ ఉన్నాయి. చివరికి ఏది గెలుస్తుందో ఇంకా తేలలేదు. కాబట్టి అమరావతి వార్త చూసి "మా వాడికి క్వాంటం కోర్సు ఏదైనా మూడు నెలల్లో అయ్యేది ఉందా" అని అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు.

అయితే ఇంకో రకం ప్రశ్న ఉంది. ఆ మధ్య మనవాళ్ల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లినప్పుడు ఒకావిడ నన్ను పక్కకి పిలిచారు. "మాస్టారూ, మా అబ్బాయి కాలేజీలో రెండో ఏడు. కంప్యూటర్ సైన్సులో చేరాడు. ఇప్పుడు ఫిజిక్సుకి మారతానంటున్నాడు. అదీ థియరీ అట. వాళ్ల నాన్నగారు వారం నుంచి వాడితో మాట్లాడటం లేదు. మీరు ఒక్కసారి చెప్పండి" అన్నారు. మార్చమని చెప్పాలా, వద్దని చెప్పాలా అన్నది ఆవిడ చెప్పలేదు. ఆవిడకే తెలియదేమో అనిపించింది. తర్వాత ఆ తండ్రితో మాట్లాడాను. ఆయన కోపం వెనక ఉన్నది భయం. అప్పుచేసి ఈ దేశం వచ్చి, వీసా కాగితం కోసం పదేళ్లు ఒకే కంపెనీలో తల వంచుకుని పనిచేసిన మనిషి. "నేను పడ్డ కష్టం వాడు పడకూడదండీ" అన్నాడు. ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరికి చేతనవుతుంది?

ఆయనకి చెప్పిన మాటలే మీకూ చెప్తాను. మొదటిది డబ్బు సంగతి. ఈ దేశంలో ఫిజిక్స్ పీహెచ్‌డీకి చేరేవారికి మామూలుగా ఫీజు ఉండదు. పాఠాలు చెప్పినందుకో పరిశోధన చేసినందుకో జీతం లాంటిది ఇస్తారు. కొత్తగా అప్పు చేయనక్కర్లేదు. కానీ అయిదారేళ్లు పడుతుంది. ఆ కాలంలో తోటివాళ్లు ఇళ్లు కొనుక్కుంటారు. అది ఓర్చుకోగలగాలి.

రెండోది ఉద్యోగం. పీహెచ్‌డీ చేసినవాళ్లలో ప్రొఫెసర్లయ్యేవారు కొద్దిమందే. ఇది దాచకూడదు. గిర్విన్ కథ విని, అందరి కథా అలాగే ముగుస్తుందని అనుకోకూడదు. అయితే ఆ పేపరు మీదున్న పది మందిలో కొందరు యూనివర్సిటీల్లో ఉంటే, ఒకరు ఐబీఎంలో పైకి వెళ్లారు. చదివిన చదువు ఒక్క కుర్చీకే సరిపోయేది కాదు.

మూడోది ముఖ్యమైనది. థియరీ చదువుతానన్న పిల్లవాణ్ణి "దానివల్ల ఏం ఉపయోగం" అని అడిగితే వాడి దగ్గర జవాబు ఉండదు. 1985లో గిర్విన్‌ని అడిగినా ఉండేది కాదు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. నువ్వు నేర్చుకున్నది ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పగలవా? లెక్క చివరిదాకా వేస్తావా, సగంలో వదిలేస్తావా? ప్రయోగాలు చేసేవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కష్టం వింటావా? ప్రోగ్రామింగ్ వదలకుండా ఉంటావా? ఈ నాలుగింటికీ అవునని చెప్పగలిగే పిల్లవాడికి థియరీ చదవడం దిక్కులేని దారి కాదు. ఇందులో ఒక్కటీ లేకపోతే కంప్యూటర్ సైన్సు కూడా వాణ్ణి కాపాడలేదు.

ఆ అబ్బాయి ఇంకా ఏదీ తేల్చుకోలేదు. రెండు డిపార్ట్‌మెంట్లలోనూ కోర్సులు తీసుకుంటున్నాడు. తండ్రీ కొడుకులు మళ్లీ మాట్లాడుకుంటున్నారు. ప్రస్తుతానికి అది చాలు.

మనవాళ్లకి ఇంకో విషయం కూడా చెప్పాలి. భారత ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటం మిషన్‌కి 6,003 కోట్ల రూపాయలకు పైగా కేటాయించింది. యంత్రాలు డబ్బు పెడితే వస్తాయి. వాటిని నిలబెట్టాలంటే కెపాసిటర్ పెంచితే చేటు అని అందరూ అనుకునే చోట కూర్చుని, "సరే, ఎంత చేటో లెక్క వేద్దాం" అనే మనుషులు కావాలి. అలాంటివాళ్లు విశాఖపట్నంలోనో, వరంగల్‌లోనో, తిరుపతిలోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ తరగతిలో ఈపాటికే ఉండి ఉంటారు. వాళ్ల ఇంట్లో కూడా ఎవరో ఒకరు "ఈ చదువు ఎందుకురా" అంటూనే ఉంటారు. మీరు సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు అలాంటి పిల్లలు తారసపడితే ఉద్యోగం సంగతి తర్వాత అడగండి. ముందు ఏం చదువుతున్నావో చెప్పమనండి, కాసేపు వినండి.

గణితంతో పనిలేకుండా చెప్పాలని ప్రయత్నించాను. ఎక్కడైనా అర్థం కాకపోతే స్టేషన్‌కి ఫోన్ చేసి ప్రశ్న వదిలిపెట్టండి, వచ్చే నెల జవాబు చెప్తాను.